నాయన పీఎఫ్ డబ్బు, రెండు ఇన్నోవాలు

మా నాయన మిల్లులో ముప్పై యేండ్లు చేసి తెచ్చుకున్న పీఎఫ్ డబ్బు బ్యాంకులో ఉంది. మా తమ్మునికి ఇప్పుడు దాని మీద కన్ను పడింది. సెకండ్ హ్యాండ్ ఇన్నోవా కొని బాడుగకు తిప్పుతాడంట. అరసికెరె నుంచి పావగడ, హిందూపురం, బెంగళూరు పోయేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. శనివారం పావగడ శనిమహాత్మ గుడికి వచ్చే జనం సరేసరి. బండి తిరుగుతుంది, అందులో అనుమానం లేదు. తగువంతా ఏ బండి అనే దాని మీదే.

"అన్నా, తీసుకుంటే క్రిస్టానే తీసుకోవల్ల. పాతదాంట్లో ఎవరెక్కుతారు?" అంటాడు వాడు.

క్వాలిస్ పోయినాక 2005లో ఇన్నోవా వచ్చింది, 2016లో క్రిస్టా. అన్నీ మన బిడది ఫ్యాక్టరీలో తయారైనవే. పాతదానిది రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను, 102 గుర్రాల బలం. క్రిస్టా 2.4 లీటర్లే, బలం మాత్రం 150. ఏడుగుర్ని ఎక్కించి, ఏసీ వేసి ఘాట్ ఎక్కితే ఆ తేడా తెలుస్తుంది. సీట్లు మెత్తన, చప్పుడు తక్కువ. ఇదంతా నేనూ ఒప్పుకుంటా.

2022 ఆఖర్లో హైక్రాస్ కూడా బయటికొచ్చింది. దానికి డీజిల్ లేదు, కింద ఛాసీ లేదు, ముందు చక్రాలే లాగుతాయి. అది మన చేతికి వచ్చేసరికి మా తమ్ముని కొడుక్కి లైసెన్సు వస్తుంది!

పాతదాంట్లో చూడవలసింది టైమింగ్ బెల్టు. గడువుకు మార్చక అది తెగితే ఇంజను లోపల వాల్వులు పోతాయి. క్రిస్టాకు చైను, ఆ భయం తక్కువ. కానీ 2020 తర్వాతి బీఎస్ 6 డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. పొద్దస్తమానం ఊళ్ళో చిన్న చిన్న ట్రిప్పులే కొడితే అది మూసుకుంటుంది. పాత ఇన్నోవా అయితే మా పక్క మెకానిక్కులకు కండ్లు మూసుకొని విప్పే బండి. నాయన దీనికి మిల్లు లెక్క చెప్తాడు: "పాత మిషను ఆగితే మన ఫిట్టరే వచ్చేవాడు. కొత్తది ఆగితే కంపెనీ మనిషి కోసం కాచుకుంటా కూర్చునేది."

ఇంకొక మాట. పావగడ తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రనే. ఆ పక్క బండి చవగ్గా దొరుకుతుందని మనవాళ్ళు ఎగబడతారు. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే ఎన్ఓసీ తెచ్చి, కర్ణాటక టాక్సు కట్టి, నెంబరు మార్చుకోవల్ల. పైగా తెల్లబోర్డుతో బాడుగ తిప్పకూడదు. పసుపు బోర్డు, పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు అన్నీ కలిపినాకే అసలు ధర తేలేది. పదిహేనేండ్లకు దగ్గరపడిన బండి అయితే దాని జోలికే పోవద్దు.

నేను తమ్మునికి చెప్పింది ఇదీ: 2013 తర్వాతి పాత ఇన్నోవా, ఒకే ఓనరుది, బెల్టు మార్చిన బిల్లు ఉండేది చూడు. నాయన డబ్బులో సగం దాటొద్దు. మిగతా సగం ఆయన మందులకు, చెల్లెలి పెండ్లికి.

వాడు ఇంకా ఫోన్లో క్రిస్టా ఫోటోలే నాయనకు చూపిస్తా ఉన్నాడు. నిన్న రాత్రి నాయన కండ్లద్దాలు పెట్టుకొని చానాసేపు చూసి, "దీనికి బెల్టా, చైనా?" అని అడిగినాడు.