మాండొలిన్ పట్టిచ్చిన జబ్బు

సదుంలోని మా ఇంటి ముందుగదిలో, కిటికీ ఎండ సోకని మూలన, ఒక మాండొలిన్ పెట్టె ఉంటుంది. ఇంటికి వచ్చినవారు "అందులో ఏముంది డాక్టరు గారూ?" అని అడిగితే సంతోషంగా తెరచి చూపిస్తాను. చూసినవారు మెచ్చుకుంటారు, ఆ వెంటనే వెల అడుగుతారు. ఆ ప్రశ్నకు నేనింతవరకు సూటిగా జవాబు చెప్పలేదు. మా ఇంటావిడ వింటుందేమోనని జంకు. కాని ఆ వాద్యం నాకు చేసిన మేలు మాత్రం దాచదగినది కాదు.

తిరుపతిలో వైద్యం చదివే రోజుల్లో ఒక పాత మాండొలిన్ కొన్నాను. సినిమా పాటల్లో అది పలికే తీరు నాకు ఇష్టం. సరిగ్గా ఆ కాలంలోనే పాలకొల్లులో పుట్టిన ఒక బాలుడు ఆ వాద్యం మీద కర్ణాటక సంగీతం వాయిస్తున్నాడని విన్నాము. ఆయనే ఉప్పలపు శ్రీనివాస్. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా ఉంటాయి. మీటిన నాదం వెంటనే కరిగిపోతుంది; జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించడం కష్టం. ఆయన ఒంటి తీగలు గల విద్యుత్ మాండొలిన్‌ను ఎన్నుకొని ఆ అడ్డంకిని దాటారు. 2014 సెప్టెంబరు 19న, కాలేయ మార్పిడి అనంతర సమస్యలతో, నలభై అయిదేళ్లకే ఆయన వెళ్లిపోయారు. ఆ వార్త విన్న రాత్రి నా పాత వాద్యాన్ని చాలాసేపు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత, అమెరికాలో ఉన్న మా అబ్బాయి ద్వారా, ఒక పనివాడు ఒంటిచేత్తో తయారుచేసిన మాండొలిన్ తెప్పించుకున్నాను. ఇటలీలోని నేపుల్స్ పనివారు చేసిన పాతకాలపు మాండొలిన్‌కు వీపు గిన్నెలా గుండ్రంగా ఉంటుంది. అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన వయొలిన్‌లాగ పలకను వంపుగా చెక్కే పద్ధతిని తెచ్చి, 1898లో పేటెంటు పొందాడు. 1920లలో ఆ సంస్థలో లాయిడ్ లోర్ అనే నిపుణుని పర్యవేక్షణలో తయారైన 'ఎఫ్-5' నమూనాను నేటికీ చేతిపనివారు ఆదర్శంగా పెట్టుకుంటారు. నాది కూడా ఆ వరుసలోనిదే. పై పలక స్ప్రూస్ కలప, వీపు మేపుల్ కలప, భుజం దగ్గర నత్తగుల్లలా చుట్టుకున్న చెక్కడం. పనివాడు పలకను వేలితో తట్టి, ఆ చప్పుడు విని, మళ్లీ కొంచెం చెక్కి, మళ్లీ తడతాడు. రోగి రొమ్మును వేళ్లతో తట్టి చూసే మా పద్ధతికి అది దగ్గరి చుట్టం.

మా ప్రాంతపు వేసవి పొడి గాలికి కలప పగులుతుందని భయపడి, పెట్టెలో తేమ కొలిచే చిన్న యంత్రం పెట్టాను. తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని ఉదయం, సాయంత్రం చూసేవాడిని.

ఏడాది తిరిగేసరికి వాద్యం సరిగా పలకడం మానింది. స్వరాలు మొద్దుబారాయి, కొన్ని అసలు మోగక టక్కుమని ఆగిపోయేవి. తీగలు మార్చాను. గుర్రం దించాను. చివరకు పలక కుంగిందేమోనన్న బెంగతో, బెంగళూరులో తంత్రీవాద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన వద్దకు తీసుకువెళ్లాను.

ఆయన మొదట వాద్యాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. తరువాత తాను వాయించాడు. ప్రతి స్వరమూ గంట కొట్టినట్లు మోగింది. ఆపైన నన్ను వాయించమని, నా ఎడమచేతినే చూస్తూ కూర్చున్నాడు.

"సార్, తీగలు ఎత్తుగా ఉంటే పై మెట్ల దగ్గర కష్టం కావాలి. మీకు కింది మెట్ల దగ్గరే స్వరం చచ్చిపోతోంది. చిటికెన వేలు బలం లేని వేలు, అయినా అది బాగా పలికిస్తోంది. చూపుడు వేలు, నడిమి వేలు తేలిపోతున్నాయి. వాద్యానికి జబ్బు లేదు. చెయ్యి ఎవరికైనా చూపించుకోండి సార్."

నేను వైద్యుణ్ణని ఆయనకు తెలియదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తిరుగు ప్రయాణంలో అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వచ్చాయి. కొన్ని నెలలుగా తెల్లవారుజామున ఎడమచేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. చేయి విదిలిస్తే తగ్గేది. చేయి తలకింద పెట్టుకొని పడుకున్నానని సరిపెట్టుకున్నాను. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు, ఉంగరపు వేలిలో సగం: ఇంతమేరకే తిమ్మిరి, చిటికెన వేలికి లేదు. ఇదే లక్షణం ఒక రోగి చెప్పి ఉంటే నిమిషంలో 'కార్పల్ టనల్ సిండ్రోమ్' అని చెప్పేవాడిని. మణికట్టు దగ్గరి ఇరుకు దారిలో మీడియన్ నాడి ఒత్తిడికి లోనుకావడమే ఈ జబ్బు. నా వేళ్లలో బలం తగ్గలేదు, స్పర్శ తగ్గింది. తీగ మీద వేలు ఎక్కడ పడిందో, ఎంత నొక్కుతున్నానో నాకు తెలియడం లేదు.

ఇంటికి రాగానే రెండు చేతుల వెనుకభాగాలను ఒకదానికొకటి ఆనించి, మణికట్లు వంచి, వేళ్లు నేలవైపు ఉంచి కూర్చున్నాను. నిమిషం నిండకుండానే తిమ్మిరి మొదలైంది. నాడీ పరీక్ష దానిని నిర్ధారించింది. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువ గనుక రక్తపరీక్షలూ చేయించాను. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. నాకు మధుమేహం ఉన్న సంగతి కొత్తది కాదు. పరీక్ష చేయించి రెండేళ్లు దాటిందన్న సంగతి మాత్రం ఆనాడే గమనించాను. కలపలోని తేమను రోజుకు రెండుసార్లు కొలిచినవాడిని, నా నెత్తురులోని చక్కెరను రెండేళ్లపాటు కొలవలేదు.

రాత్రివేళ మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ కట్టుకున్నాను. మందులు సవరించుకున్నాను, నడక మొదలుపెట్టాను. వాయించేటప్పుడు మణికట్టు వంచకుండా, ఇరవై నిమిషాలకొకసారి చేతికి విశ్రాంతినిచ్చాను. నాలుగు నెలలకు రాత్రి తిమ్మిరి పోయింది. స్వరాలు తిరిగి వచ్చాయి. అందరికీ ఇంత సులువుగా తగ్గదు. కొందరికి మణికట్టులో ఇంజెక్షన్, మరికొందరికి చిన్న శస్త్రచికిత్స అవసరమవుతాయి.

కనుక మిత్రులారా, రాత్రి చేతి తిమ్మిరితో మెలకువ వస్తున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, దిండును నిందించక వైద్యుని కలవండి. బొటనవేలి మొదట ఉన్న కండ పలచబడితే ఒక్కవారం కూడా ఆలస్యం చేయవద్దు. అది నాడి బాగా దెబ్బతిన్నదనడానికి గుర్తు. తిమ్మిరి రెండు పాదాల్లో మొదలైతే అది వేరే సంగతి. మధుమేహం వల్ల నాడులు దెబ్బతినడం తరచుగా అక్కడే మొదలవుతుంది.

పెట్టెలోని తేమ యంత్రం ఇప్పటికీ ఉంది. దాని పక్కనే చక్కెర కొలిచే యంత్రాన్ని కూడా పెట్టాను. ఉదయం రెండూ చూసుకున్న తరువాతే మాండొలిన్ చేతికి తీసుకుంటాను.