గెలువవలసిన జట్టు ఓడుటెందుకు?

పేరుగాంచిన కళాశాల జట్టు ఊరూ పేరూ లేని జట్టు చేతిలో ఓడిన సాయంత్రం చీరాల మైదానం నుండి మరలేవారి నోట మూడు కారణాలే వినబడతాయి: అదృష్టం, రిఫరీ, ఇసుక నేల. వీటిలో ఏదీ మాకు తృప్తి నివ్వదు.

1962 జకార్తా ఆసియా క్రీడలనే గమనించండి. దక్షిణ కొరియా అప్పటికి వరుసగా రెండు ఆసియా కప్పులు గెలిచిన జట్టు. తొలి దశలో భారత జట్టును 2-0తో ఓడించింది కూడా. సెప్టెంబరు 4న ఫైనలులో మరల అదే జట్టు ఎదురయింది. మన శిక్షకులు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. మన ఉర్దూ విభాగపు మిత్రులకు ఆయన రహీం సాబ్. వృత్తిచేత ఉపాధ్యాయులు. అప్పటికే క్యాన్సరు వారిని క్రుంగదీస్తున్నది. వెనుక వరుసలో కోటగోడ వంటి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. రహీం ఆయనను కూర్చుండబెట్టలేదు, ముందు వరుసలో ఆడించారు. తొలి ఇరువది నిమిషాలలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరొకటి చేశారు. దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనవారిని గేలిచేస్తుండగా 2-1తో స్వర్ణపతకం దక్కింది. మరుసటి ఏడే రహీం కన్నుమూశారు.

కొరియా బలం తగ్గలేదు. ఓడినవారు మాత్రం తమ ఆటను మార్చుకొని వచ్చారు. గెలుపు మరిగిన జట్టుకు ఆ అవసరం తోచదు. మన మైదానంలోనూ అంతే: ఏడాది పొడవునా అదే పదకొండుగురు, అవే స్థానాలు. ఒకని కాలు బెణికితే ఆ చోట నిలువగలవాడెవడో ఎవరికీ తెలియదు. కనుక కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే: రాబోవు సంవత్సరం బూట్లు, బంతులు రెండవ జట్టుకు కూడా ఇప్పించండి, వారానికొకసారి వారిని మొదటి జట్టుతో ఆడనివ్వండి.