కరెంటు పెడితే తగ్గుద్దా?

మా నెల్లూరు వైపు రేడియేషన్‌ని ఎవరూ రేడియేషన్ అనరు, "కరెంటు పెట్టడం" అంటారు. మొన్న బుచ్చిరెడ్డిపాలెం నుంచి మా పెదనాయన ఫోన్ చేశాడు. మూత్రాశయం క్యాన్సర్, ఎముకల్లోకి పాకింది. "అబ్బయా, మందులతో పాటు గడ్డల మీదికే గురిపెట్టి కరెంటు ఇస్తారంట, ఆయుష్షు పెరుగుద్దంట. కాలవ కింద ఎకరా అమ్మేద్దునా?" అన్నాడు. నేను రాసేది కోడు, మందుల చీటీ కాదు. కానీ ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాడే అన్నిటికీ దిక్కు కదా :) కూర్చుని చదివాను.

తేలిందేమిటంటే, కరెంటు ఒకటే గానీ పనులు మూడు.

ఒకటి: జబ్బు మూత్రాశయం కండరం దాకానే ఉంటే, సంచి తీసేయకుండా కాపాడే ప్రయత్నం. 2012లో వెలువడిన బ్రిటన్ ట్రయల్‌లో 360 మంది. రెండేళ్లకి ఆ చుట్టుపక్కల జబ్బు లేకుండా ఉన్నది రేడియేషన్ ఒక్కటే ఇస్తే 54 శాతం, కీమో కూడా కలిపితే 67 శాతం.

రెండు: జబ్బు ముదిరి సంచి తీసేశాక, పొత్తికడుపులో మళ్ళీ రాకుండా. దీనిమీద ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు ట్రయల్ నడిపి, అక్కడ తిరగబెట్టడం తగ్గిందని 2025లో చెప్పారు.

మూడోది పెదనాయనది. పాకిన జబ్బుకి మందే ప్రధానం. ఎన్‌ఫోర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ జంట 2023లో పాత కీమోని దాటేసింది. సగం మంది బతికిన కాలం 16 నెలల నుంచి 31 నెలలకి పెరిగింది. దానికి గురిపెట్టిన రేడియేషన్ తోడైతే ఇంకా పెరుగుతుందా? ఇమ్యూనోథెరపీతో కలిపి చేసిన చిన్న ట్రయల్స్ ఆశ పుట్టించాయి, రుజువు కాలేదు. కానీ ఎముక నొప్పికీ, ఆగని రక్తానికీ కరెంటు పనిచేస్తుంది. నొప్పికైతే చాలామందికి ఒక్క సిట్టింగే చాలు.

అదే చెప్పాను. "నొప్పికైతే పెట్టించుకో పెదనాయనా. ఆయుష్షు కోసమని పొలం మాత్రం అమ్మొద్దు."

కాసేపు మాట్లాడలేదు. "కోదండరాముడి తేరు నాటికి అరుగు మీద కూర్చోగలిగితే చాల్లే," అన్నాడు.

నా గోల ఒక్కటే. "గురిపెట్టి" అన్న మాట వినగానే పడిపోకండి. ఇది జబ్బు నయమవడానికా, బాధ తగ్గడానికా, ట్రయలా అని డాక్టర్ని మొహమాటం లేకుండా అడగండి. ట్రయలే అయితే డబ్బులెందుకు అడుగుతున్నారో కూడా అడగండి.

ఇంకోటి. మూత్రంలో నొప్పి లేకుండా రక్తం పడితే వేడి చేసిందని బార్లీ నీళ్ళతో సరిపెట్టకండి. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళయితే అసలు ఆగొద్దు.