జెండా ఊపిన తర్వాత

సూరత్‌లోని లింబాయత్‌లో తెలంగాణ నుంచి వలస వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. పన్నెండు గంటలపాటు మరమగ్గం ముందు నిలబడి బయటికి వచ్చిన కార్మికుడికి బస్సు పొగ వదులుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. అసలు బస్సు వస్తుందా అన్నదే అతని ప్రశ్న.

2025 మే నెలలో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఐదు నగరాలకు 10,900 విద్యుత్ బస్సులు కేటాయించింది. బెంగళూరుకు 4,500, ఢిల్లీకి 2,800, హైదరాబాద్‌కు 2,000, అహ్మదాబాద్‌కు 1,000, సూరత్‌కు 600. మన రాజకీయాలకు ఈ అంకెలు చాలు. డిపోకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని సభల్లో అడిగేవారు అరుదు.

డీజిల్ ట్యాంకు నిమిషాల్లో నిండుతుంది. బ్యాటరీకి గంటలు పడుతుంది. రాత్రి నలభై బస్సులు ఒకేసారి అరవై కిలోవాట్ల చొప్పున గుంజుకుంటే 2,400 కిలోవాట్లు. అంటే హైటెన్షన్ లైను, ట్రాన్స్‌ఫార్మర్లు, ఏ బస్సుకు ఏ గంటలో తీగ తగిలించాలో చెప్పే పట్టిక కావాలి. ఈ విషయంలో సూరత్‌కు కొంత అనుభవం ఉంది. ఫేమ్-2 కింద 2019లోనే 150 బస్సులు మంజూరయ్యాయి. పైగా బీఆర్‌టీఎస్ ప్రత్యేక దారులున్న నగరం. బస్సు తిరిగివచ్చే వేళను అంచనా వేయగలిగితేనే చార్జింగ్ వేళ కుదురుతుంది.

అల్థాన్ డిపో పైకప్పు మీద 100 కిలోవాట్ల సౌర ఫలకాలు పెట్టారు. వాడి తీసిన బ్యాటరీలలో ఆ కరెంటును నిల్వ చేస్తారు. ప్రయత్నం మెచ్చదగినదే. అయితే అంతటి ఫలకాలు రోజుకు ఇచ్చేది సుమారు 400 యూనిట్లు. కిలోమీటరుకు ఒక యూనిట్ చొప్పున లెక్కించినా, రోజుకు 200 కిలోమీటర్లు తిరిగే బస్సులు రెండింటికి సరిపోతుంది. వేసవిలో ఏసీ వేస్తే అదీ చాలదు. 600 బస్సులకు రోజూ 1,20,000 యూనిట్లు కావాలి. ఈ తేడా ఫొటోలో కనిపించదు.

ఇంకొకటి, వరద. 2006 ఆగస్టులో తాపీ నది సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. చార్జర్లను ఎంత ఎత్తున బిగించారన్నది ఆ ఊళ్లో చిన్న విషయం కాదు.

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. ఈ బస్సులు సాధారణంగా కాంట్రాక్టరువి. నగర సంస్థ అతనికి కిలోమీటరు లెక్కన చెల్లిస్తుంది, ఒప్పందంలోని కనీస దూరం తిరగకపోయినా. ఆ బకాయిలు పేరుకుపోతాయన్న భయంతోనే కేంద్రం 2024లో రూ.3,435 కోట్లతో చెల్లింపుల భద్రతా నిధి ఏర్పాటుకు ఆమోదం తెలిపింది. రాష్ట్రం చెల్లించకపోతే ఆ సొమ్మును రిజర్వు బ్యాంకులోని దాని ఖాతా నుంచే రాబట్టుకోవచ్చు. సమాఖ్య స్ఫూర్తి గురించి గొంతెత్తే పార్టీలు ఈ నిబంధనను ఎందుకో పెద్దగా పట్టించుకోలేదు.

కాంట్రాక్టరుకు ఆ విధంగా భద్రత దొరికింది. ప్రయాణికుడికి అటువంటిదేమీ లేదు. టికెట్ల రాబడి ఖర్చుకు చాలనప్పుడు కోత మొదట పడేది జనం పలచగా ఎక్కే రాత్రి ట్రిప్పుల మీదే. లింబాయత్ మగ్గాలు రాత్రీ ఆగవు.