ఊపిరి లెక్క

నవంబరు 4, లండన్

పొద్దున పదింటి నుంచి ఒపెరా రిహార్సల్. మోత్సార్ట్ 'ఫిగారో పెళ్లి', రెండో అంకం ముగింపు. ఇరవై నిమిషాల పాటు సంగీతం ఎక్కడా ఆగదు. ఇద్దరితో మొదలై ఏడు గొంతుల దాకా పెరుగుతుంది. ఆర్కెస్ట్రా ఇంకా రాలేదు కనుక పియానో మీద ఆర్కెస్ట్రా అంతా నేనే. కౌంట్ పాత్రధారి జలుబుతో రాలేదు, అతని వరసలూ నేనే పాడుతూ వాయించాను. నా గొంతు ఎలా ఉంటేనేం, సుసన్నాకు తన మాట ఎక్కడ అందుకోవాలో తెలియాలి. మూడు వారాలయ్యాక వాద్యబృందం దిగుతుంది, నా బెంచీ పక్కకు జరుగుతుంది.

నవంబరు 5

కండక్టర్ జార్జ్ షోల్టి బుడాపెస్ట్ ఒపెరాలో ఏళ్ల తరబడి చేసింది ఈ పనే. యూదుడు కావడంతో అక్కడ కండక్టర్ అవకాశం దక్కలేదు. 1938 మార్చి 11న ఒక్కసారి దొరికింది. ఆ రాత్రి నడిపింది ఈ 'ఫిగారో'నే. మర్నాడు హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలో అడుగుపెట్టింది.

నవంబరు 8

బారిటోన్ గాయకుడితో షూబర్ట్ పాట 'ఎర్ల్‌కోనిగ్'. 1815లో రాశాడు, అప్పటికి పద్దెనిమిదేళ్లవాడు. కుడిచేతిలో గుర్రపు డెక్కల్లా ఒకే స్వరం, ఆక్టేవుల్లో, మూడేసి చొప్పున, తెరిపి లేకుండా. రెండో పేజీకే ముంజేయి బిగుసుకుపోతుంది. షూబర్టే ఒక ప్రతిలో మూడుకు బదులు రెండేసి పెట్టుకున్నాడు!

మణికట్టు బాధ సాధనతో తగ్గుతుంది. ఊపిరి అలా కాదు. పాటలో పిల్లాడు భయంతో అరిచే చోట గాయకుడు ఒక్కోరోజు ఒక్కోలా ఊపిరి తీస్తాడు. అందుకే మెట్ల మీద కళ్లు పెట్టను, అతని భుజం చూస్తాను. అది కాస్త లేచిందంటే నా వేలు ఆగాలి, దిగేసరికి ఇద్దరం ఒకేసారి పడాలి. ఇవాళ రెండుసార్లు ముందే పడ్డాను.

నవంబరు 9

కచేరీ పోస్టర్ వచ్చింది. గాయకుడి పేరు ఉంది, నాది లేదు. నిర్వాహకులకు ఫోన్ చేసి గట్టిగానే చెప్పాను.

బేతోవెన్ తన తొలి వయొలిన్ సొనాటాల ముఖపత్రం మీద పియానోనే ముందు వేశాడు, వయొలిన్‌ది రెండో చోటు. ఆ తర్వాతి కాలంలో మనం 'అకంపనిస్ట్' అయ్యాం. ఇప్పుడు 'కొలాబరేటివ్ పియానిస్ట్' అంటున్నారు. మాట మారితే సరిపోదు, పేరు అచ్చులో పడాలి. అకంపనిస్ట్ జెరాల్డ్ మూర్ 1962లో తన జ్ఞాపకాల పుస్తకానికి 'నా వాయింపు మరీ ఎక్కువైందా?' అని పేరు పెట్టాడు. 1967 ఫిబ్రవరిలో ఇక్కడే, రాయల్ ఫెస్టివల్ హాల్లో, వీడ్కోలు కచేరీ. ష్వార్జ్‌కోఫ్, విక్టోరియా ద లోస్ ఆంజెలెస్, ఫిషర్-డీస్కావ్, ముగ్గురూ ఆయన కోసం పాడారు. చివర ఆయన ఒక్కడే కూర్చుని షూబర్ట్ పాటను గొంతు లేకుండా వాయించాడు.

నవంబరు 12

అమ్మ ఫోన్. "పక్కవాద్యమేగా తల్లీ, వయొలిన్ వాళ్లకిచ్చినట్టు నీకూ ఒక ఆవర్తనం ఇస్తారా?" అంది. సూటిగా అడిగింది. మన కచేరీలో రాగాలాపనకు వయొలిన్ బదులు పలుకుతుంది. ఇక్కడ నా వంతు కాగితం మీద రాసి ఉంటేనే ఉన్నట్టు.

నవంబరు 15

షూమన్ 'డిష్టర్‌లీబె', 1840, పదహారు పాటలు. ఆఖరి పాటలో గాయకుడి మాటలు అయిపోయాక కూడా పియానో చాలాసేపు సాగుతుంది, పన్నెండో పాట చివరి రాగం తిరిగొస్తుంది. అంతసేపూ అతను చేతులు కదపకుండా నిలబడ్డాడు. ఈసారి అతనే నా భుజం చూశాడు.

అమ్మకు రేపు ఫోన్ చేసి చెప్పాలి, ఆవర్తనం ఇచ్చారని.