కలుపు కాదు... పూలు!

“గింత జాగ కలుపుకు ఇడిసిపెట్టిన్రా?”

అమ్మ మాటకు అక్కా, నేనూ పక్కున నవ్వాం. నిరుడు జులైలో అమ్మను తీసుకుని షికాగో శివార్లలో ఉండే అక్క దగ్గరికి వెళ్లాను. ఓ ఆదివారం అక్కడికి దగ్గర్లో, లైల్ అనే ఊళ్లో ఉన్న మోర్టన్ ఆర్బొరేటమ్ చూడబోయాం. అందులోదే షూలెన్‌బర్గ్ ప్రెయిరీ. ఛాతీదాకా గడ్డి. మధ్యమధ్యలో పసుపు, ఊదా, తెలుపు రంగుల్లో పూలే పూలు!

అమ్మ ముప్ఫై ఏళ్లు పొలంలో వంగి కలుపు తీసిన మనిషి. ఆమె కంటికి అదంతా కలుపే మరి.

ఒకప్పుడు ఇల్లినాయ్ రాష్ట్రంలో సగానికి పైగా నేల ఇలాగే ఉండేదట. రెండు కోట్ల ఎకరాలకు పైమాటే. ఆ జిగట నల్లమట్టి మామూలు నాగళ్లకు లొంగేది కాదు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి చేశాడు. అంతే, పూలు పోయి మొక్కజొన్న వచ్చింది. చెక్కుచెదరకుండా మిగిలింది సుమారు పదివేల ఎకరాలకు ఒక్క ఎకరమే. అదీ ఎక్కడ? రైలు పట్టాల పక్కన, పాత శ్మశానాల్లో... నాగలి పోని చోట. అలాంటి చోట్ల మిగిలిన మొక్కల విత్తనాలు ఏరి తెచ్చి, 1962లో రే షూలెన్‌బర్గ్ ఇక్కడి పాత పొలంలో నాటడం మొదలుపెట్టారు. అరవై ఏళ్లు దాటినా పని నడుస్తూనే ఉంది. గడ్డికి పద్ధతిగా నిప్పు పెడతారు. పైన కాలినా వేళ్లు బతికి, మళ్లీ చిగురిస్తాయి. బయటినుంచి వచ్చిన మొక్కల్ని పీకేస్తారు.

“అంటే ఈళ్లు గూడ కలుపు తీస్తరన్నట్టు!” అమ్మ ముఖం వెలిగింది.

పొద్దుతిరుగుడులా పూసిన కంపాస్ ప్లాంట్ దగ్గర ఆగాం. దాని ఆకుల అంచులు ఉత్తర, దక్షిణాలకు తిరిగి ఉంటాయి. వేరు 15 అడుగుల లోతుకు దిగుతుంది. తొలి పువ్వుకే ఏళ్లు పడుతుంది. దాని పక్కనే ఊదారంగు కంకుల బ్లేజింగ్ స్టార్.

“గునుగు లెక్కనే ఉన్నది గదా బిడ్డా...” అంటూ అమ్మ కంకిని నిమిరింది. కాసేపటికి మెల్లగా అడిగింది. “మన బీట్ల మల్ల ఏస్తే ఎన్నేండ్లు వడ్తది?”

నా దగ్గర జవాబు లేదు. ఊరి చివర మా రెండెకరాల బీడులో తంగేడు విరగబూసేది. గట్ల వెంట గునుగు. బతుకమ్మకు వాడకట్టంతా అక్కడికే వచ్చేది. “గడ్డి తప్ప ఏం మొలవదు, ఎందుకమ్మా?” అని 2021లో అమ్మించింది నేనే. ఒక్క రోజులో జేసీబీ చదును చేసేసింది. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లున్నాయి.

తిరిగొచ్చాక బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు బజార్లో కొన్నాం. పేర్చేముందు అమ్మ గునుగు కంకుల్ని అరచేతిలో దులిపింది. నల్లటి గింజలు, ఆవాలకన్నా చిన్నవి. వాటిని కాగితంలో పొట్లం కట్టి, దేవుడి గూట్లో పెట్టింది.

ఎక్కడ చల్లుతావమ్మా అని అడిగే ధైర్యం నాకింకా రాలేదు.