గట్టు మీది కుప్ప



మాది వత్సవాయి మండలం, తండా పిల్లలం. ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. హాస్టల్ రూమ్‌లో నలుగురికీ ఒకటే పెన్‌డ్రైవ్. స్కాలర్‌షిప్ ఆఖరు రోజున సీనియర్ అన్న లినక్స్ లాప్‌టాప్ నుంచి సర్టిఫికెట్లు కాపీ చేసుకున్నాం. అయిపోయిందని చూపించగానే పీకేశాం. అన్న ఊరెళ్లిపోయాడు. నెట్ సెంటర్‌లో చూస్తే, ఆఖర్న కాపీ చేసినవాడి ఫైళ్లు తెరుచుకోలేదు. వాళ్ల యాడి మిరప కోత మానుకుని ఒరిజినల్స్ పట్టుకుని పరుగున వచ్చింది. పని అయింది గానీ ఆ రోజు కూలి పోయింది.

ఎందుకిలా అయిందో తర్వాత చదివి తెలుసుకున్నాం. మిరప కోతలో ఒక్కో కాయా కళ్లానికి మోయం కదా. గట్టు మీద కుప్ప పోసి ఒకేసారి మోస్తాం. డిస్కైనా పెన్‌డ్రైవైనా కళ్లం లాంటిదే, దూరం, నిదానం. అందుకే రాసింది ముందు మెమరీలో కుప్ప పడుద్ది. అదే కాష్. లినక్స్ మామూలు సెట్టింగులో అది సుమారు 30 సెకన్లు అక్కడే ఆగొచ్చు. ఈలోపు పీకితే కుప్ప వానపాలే.

బఫర్లంటే బుట్టలు. విడతకో కొత్త బుట్ట అల్లం, ఉన్నదే మళ్లీ వాడతాం. స్టోరేజ్ డ్రైవర్ కూడా అంతే. కళ్లంలో ఒంపకముందే ఆ బుట్టలో వేరే కాయ పోస్తే రెండూ పాడే. దులపకుండా ఇస్తే ఒకరి డేటా ఇంకొకరికి పోద్ది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చు అన్నాకే తీయండి. మళ్లీ పెట్టి ఫైలు తెరిచి చూసుకోండి. ఆ ఒక్క నిమిషం ఆగితే మన యాడి కూలి మిగులుద్ది.